అర్థం కాని రోజు ఆ బడి ఏం చేస్తుంది? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు ఒక పోలిక

ఫిబ్రవరి వచ్చిందంటే తిరుపతిలో మా కొర్లగుంట వీధికి స్కూళ్ల పీఆర్‌ఓలు దిగుతారు. చేతిలో రంగుల కరపత్రం, దాని నిండా ర్యాంకుల ఫొటోలు. ‘ఇప్పుడే సీటు రాయించుకోండి మేడమ్, మార్చి దాటితే ఈ రాయితీ ఉండదు’ అంటారు. పోయినేడు వచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి ఒక్క మాట అడిగాను. ‘పిల్లకు పాఠం అర్థం కాని రోజు మీ బడిలో ఏం చేస్తారు?’ కాసేపు ఆలోచించి, ‘డిజిటల్ క్లాస్‌రూమ్ ఉంది మేడమ్’ అన్నాడు. ఏసీ బస్సు గురించి కూడా చెప్పాడు. నేనడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. పాపం అతని తప్పు కాదు, కరపత్రంలో ఆ సంగతే లేదు.

ఆ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మా పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు డైరీలో ‘భిన్నాలు పూర్తి’ అని రాసి పంపారు. ఆ సాయంత్రం మాటల్లో అడిగితే మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదంది. ఎందుకే అంటే, ‘మూడు కంటే నాలుగు పెద్దది కదమ్మా’ అంది. స్లిప్ టెస్టులో మాత్రం 20కి 18 వచ్చాయి. లెక్క చేసే తీరు కంఠతా వచ్చింది, భిన్నమంటే ఏమిటో రాలేదు. అప్పుడే మా అత్తమ్మ సంగటి కెలికి దించింది. చేయి తడుపుకొని ముద్ద చేసి పళ్లెంలో పెట్టి, ‘ముగ్గురు పంచుకుంటే నీకు ఎక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా?’ అని అడిగింది. పాప స్పూను కాడతో ముద్ద మీద మూడు భాగాలు గీసింది. అవ్వ తడిచేత్తో చెరిపేస్తే మళ్లీ నాలుగు గీసింది. ‘అయ్యో అవ్వా, చిన్నదైపోయింది!’ అంది. రెండు నిమిషాల పని. బడిలో ఆ రెండు నిమిషాలు దొరకలేదు, మర్నాటికి దశాంశాలు మొదలుపెట్టాలి మరి.

ఆ టీచరమ్మను తిట్టుకోలేదు నేను. ఒకే వయసు పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, అందరికీ ఒకే పాఠం, ఒకే రోజు చెప్పి, ఒకే రోజు పరీక్ష పెట్టడం మనం చదివిన బడి పద్ధతి. అందులో సిలబస్ ముందు నడుస్తుంది, పిల్ల వెనక పరిగెత్తాలి. పిల్ల కేంద్రంగా ఉండే చదువు అని ఇప్పుడు అందరూ అంటున్నది దీన్ని తిరగేయడమే. పిల్ల తన వేగంతో నడుస్తుంది, ఏం చేయాలో కొంత తనే ఎంచుకుంటుంది, అర్థమయ్యాకే ముందుకు పోతుంది. ఈ మాట ఇప్పుడు ప్రతి స్కూలు బోర్డు మీదా కనిపిస్తుంది. నిజంగా ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే పైన చెప్పిన ప్రశ్న ఒక్కటి చాలు. దాన్ని పట్టుకునే మన ఊళ్లో దొరికే దారులన్నీ చూద్దాం.

ఎక్కువ మంది ముందు చూసేది టెక్నో, కాన్సెప్ట్ అని పేర్లున్న ప్రైవేటు బడులను. వాటిలో మంచి ఉంది. టైముకు వ్యాన్ వస్తుంది, టైముకు పరీక్ష పెడతారు, మార్కులు ఫోనుకు వస్తాయి. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో సాయంత్రం ఆరు వరకు పిల్ల భద్రంగా ఉంటుంది, అది చిన్న సంగతి కాదు. పునాది గట్టిగా ఉండి, పోటీ అంటే హుషారు పుట్టే పిల్లలు ఇక్కడ బాగానే రాణిస్తారు. అర్థం కాని పిల్లకు దొరికేది మాత్రం స్టడీ అవర్. అంటే అదే పాఠం, అదే పద్ధతి, ఇంకో గంట. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు అంటగట్టడం నాకు అసలు నచ్చదు. భిన్నాలు రాని పిల్లకు ఆ పుస్తకం బరువు తప్ప ఏమీ ఇవ్వదు. ఇంకో సంగతి, ఒకటో తరగతి సీటుకు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. డొనేషన్‌నూ ఒప్పుకోదు. అదే చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఒకటో తరగతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అర్హత ఉండి కూడా ఆ సంగతి తెలియక ఫీజు కట్టేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ప్రభుత్వ బడి అనగానే మొహం ముడుచుకునే రోజులు పోయాయనుకుంటాను, కనీసం మా ఇంట్లో పోయాయి. చిత్తూరులో ఉండే మా చెల్లెలు కొడుకును ప్రైవేటు బడి మాన్పించి పక్క వీధి మున్సిపల్ స్కూల్లో వేసింది. ‘అక్కా, క్లాసులో ఇరవై రెండు మందే. సారు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తాడు’ అంది. నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ల పుస్తకం. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఇంగ్లిషులో మింగుడుపడని వాక్యాన్ని పిల్లవాడు పక్క పేజీలో తనే వెతుక్కుంటాడు. ఏ స్మార్ట్ బోర్డూ చేయని పని అది, కాగితం చేస్తోంది. టీచర్లు టెట్, డీఎస్సీ దాటి వచ్చినవాళ్లు. పాఠాల పక్కనుండే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో వీడియోలు వస్తాయి. ఆ వేదికను 2017లో తెచ్చారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు కూడా పంచారు.

కానీ ప్రభుత్వ బడుల్లో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. ఒక చోట మంచి హెడ్‌మాస్టరు, నిండా టీచర్లు. మూడు కిలోమీటర్ల అవతల ఒక్క టీచరే ఐదు తరగతులు మోయాలి. కాబట్టి ‘ప్రభుత్వ బడి మంచిదా?’ అని అడగకండి. ‘మా వీధి చివరి బడిలో ఈ ఏడాది ఎంతమంది టీచర్లున్నారు?’ అని అడగండి. ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలని చట్టమే చెబుతోంది. పోయి లెక్కపెట్టుకోవచ్చు. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బును మాత్రం ఈ తూకంలో వేయకండి, అది ప్రైవేటు బడిలో చదివినా వస్తుంది.

కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతి సీటు లాటరీ, అదీ బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల తర్వాతే. నవోదయకు ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా నవోదయ మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది. దొరికితే వదులుకోవద్దు, దాన్నే నమ్ముకుని మాత్రం కూర్చోవద్దు.

ఒక్క టీచరు ఐదు తరగతులు మోయడం అన్నాను కదా. దానికి జవాబు పుట్టింది మన దగ్గరే. మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. ఆ పేరు వినగానే మనకు పెద్దింటి పిల్లల రెసిడెన్షియల్ స్కూలే గుర్తొస్తుంది. అది ఐసీఎస్‌ఈ సిలబస్, ఇంగ్లిషు మీడియం, దాని ఫీజు నెల జీతగాళ్లకు అందేది కాదు. నేను చెప్పేది దాని చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల గురించి. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ అక్కడ ఒకే గదిలో అన్ని తరగతులూ కలిసి చదివే పద్ధతి ఒకటి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విప్పేసి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది, ఒక్కో మెట్టుకూ ఒక గుర్తు. పిల్ల లోపలికి రాగానే నిచ్చెన మీద తను ఎక్కడుందో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తనే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులకు టీచరు పక్కన కూర్చోవాలి. కొన్నిటికి కాస్త సాయం చాలు. కొన్ని పక్క పిల్లతో కలిసి చేయాలి, కొన్ని ఒంటరిగా. శెనక్కాయలు పీకే రోజుల్లో వారం బడికి రాని పిల్ల తిరిగొచ్చాక, ఎక్కడ వదిలేసిందో ఆ మెట్టు నుంచే ఎత్తుకుంటుంది. ‘వెనకబడిపోయావు’ అనే మాటకే అక్కడ చోటు లేదు.

నా ప్రశ్నకు నేను విన్న అన్ని జవాబుల్లో ఇదే తిన్ననిది. అర్థం కాకపోతే పిల్ల ఆ మెట్టు మీదే ఉంటుంది, ఇంకో కార్డు అందుతుంది. కర్ణాటక 1995లో నలికలి అని, తర్వాత తమిళనాడు ఏబీఎల్ (యాక్టివిటీ ద్వారా నేర్చుకోవడం) అని ఇలాంటి పద్ధతినే సర్కారీ బడుల్లోకి తీసుకుపోయాయి. దీని చిక్కులు దీనికీ ఉన్నాయి. టీచరుకు శిక్షణ లేకపోతే పిల్లలు కార్డులు మార్చుకుంటూ మెట్లు ఎక్కేస్తారు, బుర్రకు ఏమీ ఎక్కదు. పైగా ఇది ప్రాథమిక తరగతులకు బాగా కుదిరే పద్ధతి, పదో తరగతిని దీంతో లాగలేం. మీ దగ్గర్లో ఏ బడైనా ‘మాది యాక్టివిటీ పద్ధతి’ అంటే, గోడ మీద నిచ్చెన కాదు, ఆ నిచ్చెనను పిల్లలు చూస్తున్నారా లేదా అన్నది గమనించండి.

మాంటిస్సోరి అని బోర్డున్న బడుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిల్ల తన పని తనే ఎంచుకునే ఆ పద్ధతిని మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చింది కాబట్టి ఆ పద్ధతి మనకు కొత్తది కాదు. చిక్కల్లా ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. లోపలికి పోయి మూడు చూడండి. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉన్నారా? అలమర్లు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా? బెల్లు కొట్టకుండా రెండు మూడు గంటలు పిల్లలు తమ పనిలో ఉండగలుగుతున్నారా? మూడేళ్ల పిల్లలు వరసగా బెంచీల మీద కూర్చుని ఏ ఫర్ యాపిల్ అరుస్తుంటే బోర్డు మీద ఏం రాసున్నా అది మామూలు ఎల్‌కేజీనే. నిజమైనది దొరికితే మూడు నుంచి ఆరేళ్ల వయసుకు నేను దానికే ఓటేస్తాను.

ఇక ఇంట్లో చదివించడం. ఈ మధ్య తిరుపతిలోనూ ఈ మాట వినిపిస్తోంది. నాట్యం, ఆటల్లో గంటల కొద్దీ సాధన చేసే పిల్లలు, ఆరోగ్యం బాగోలేని పిల్లలు, బడి పేరు చెబితే పొద్దున్నే కడుపునొప్పి వచ్చే పిల్లలు, వీళ్ల ఇళ్లలో ఎక్కువ. దీనికి ఆధారం ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. మిగతావి పిల్ల ఎంచుకోవచ్చు, చిత్రలేఖనం కూడా ఒక సబ్జెక్టే. తెలుగు మీడియం ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మేలో ఒకటి, అక్టోబరు–నవంబరులో ఒకటి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒక్కో సబ్జెక్టు రాసుకుంటూ పోవచ్చు. ఎంపిక అన్న మాటకు ఇంత చోటు ఇంకెక్కడా లేదు.

ఎంపికకు ధర కూడా ఉంది. లెక్కలు వద్దనుకుని పది గట్టెక్కిన పిల్లకు పదహారో ఏట ఇంజినీరింగు మీద మనసు పుడితే ఆ తలుపు మళ్లీ తెరవడం చాలా కష్టం. అందుకే కనీసం పది వరకు లెక్కలు, సైన్సు వదలొద్దంటాను. అన్నిటికంటే ముఖ్యం, పగలు ఇంట్లో ఓపికున్న పెద్ద మనిషి ఒకరు ఉండాలి. అర్థం కాని రోజు ఇక్కడ పని చేయాల్సింది మీరే. ఆ రోజు మీకు విసుగొస్తే ఎవరి మీదకూ నెట్టలేరు. పిల్లను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం అంటుంది, చేర్చకపోతే శిక్ష అని మాత్రం అందులో లేదు. చుట్టాలు వేసే శిక్ష వేరే. పెళ్లిళ్లలో ‘పాప ఏం చదువుతోంది?’ అని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతుందని, ఇంట్లో చదివించే నా స్నేహితురాలు అంటూ ఉంటుంది.

ఆవిడ చేసిన పని ఒకటి చెప్పాలి. ఎనిమిదో తరగతి వయసున్న కొడుకును శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఇంటికి వారం రోజులు తీసుకుపోయింది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు. కలంలో ఉండేది ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. కలంలో మసక రంగులో ఉన్న ఆ నీళ్లు గుడ్డను తాకగానే గీత నల్లబడుతుంది. పటిక రాసిన చోట ఎరుపు వస్తుంది, రాయని చోట రాదు. ‘ఎందుకు?’ అని వాడంతట వాడే అడిగాడు. ఆ ఒక్క ‘ఎందుకు’ మీద రెండు నెలలు రసాయన శాస్త్రం నడిచింది. దీనికి బడి మానాల్సిన పనేం లేదు, దసరా సెలవులు చాలు. అలిపిరి దారిలో ఉన్న రీజినల్ సైన్స్ సెంటరుకు ఊళ్లో ఉంటూ ఎంతమందిమి పోయాం? దేవుడి దర్శనానికి వచ్చిన బయటి ఊళ్ల వాళ్లే ఎక్కువ చూసిపోతుంటారని నాకు అనుమానం.

యాప్‌లు, వీడియోలు వేరే దారి కాదు, పై దారుల్లో దేనికైనా తోడు. టెక్నాలజీ ఒక పని బాగా చేస్తుంది. పిల్ల సిగ్గుపడకుండా పదిసార్లు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, వీడియో విసుక్కోదు. కానీ పదోసారీ అదే మాట, అదే గొంతుతో చెబుతుంది. సంగటి ముద్ద తేదు. మా పాప ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని పాఠం చూడటం, చివర్లో ప్రశ్నలకు జవాబులు ఊహించి నొక్కడం చూశాక నేనొక నియమం పెట్టాను. వీడియో అయ్యాక ఫోను బోర్లా పెట్టి, విన్నది అవ్వకు తెలుగులో చెప్పాలి. అవ్వ ‘అంటే ఏంది?’ అని అడిగిన చోటల్లా మా పాపకు తెలియనిది బయటపడేది. ఏడాది చందా కట్టించుకునే యాప్‌కు డబ్బు కట్టే ముందు దీక్షలో ఉచితంగా ఉన్నవాటితో నెల రోజులు ఇలా చేసి చూడండి. నెలలో వదిలేస్తే చందా కట్టినా వదిలేసేదే.

ఇప్పుడు ఎవరికి ఏది? నాకు తోచింది చెబుతాను. ఆరేళ్ల లోపు పిల్లలకు నిజమైన మాంటిస్సోరి, లేదంటే ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఆటలుండే ఏ బడైనా సరే. ఒకటి నుంచి ఐదు వరకు టీచర్లు సరిపడా ఉన్న దగ్గరి ప్రభుత్వ బడిని ముందు చూడండి, ఆదా అయిన వ్యాన్ ఫీజు, రోజూ ప్రయాణంలో పోయే గంటన్నర పిల్లకు ఇవ్వండి. హైస్కూలుకు వచ్చేసరికి పిల్లను అడగాలి. పోటీ ఇష్టమైతే ప్రైవేటు బడి తప్పేం కాదు. ఇంటి చదువును మాత్రం ఎవరో చేస్తున్నారని మొదలుపెట్టవద్దు, పిల్ల అవసరం అలా ఉంటేనే. బడి మార్చే ముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేరా గట్టిగా చదివించి, ఏం చదివిందో చెప్పమనండి. అక్కడ తడబడితే బడి మార్చినా తీరదు, ముందు చదవడం నేర్పాలి. రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో చాలు.

బడి చూడటానికి యాన్యువల్ డే నాడు పోకండి. మామూలు మంగళవారం, రెండో పీరియడ్‌లో పొండి. క్లాసులో ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారో వినండి, టీచరా, పిల్లలా. వెనక బెంచీ పిల్ల నోటుపుస్తకం ఒకటి చూపించమని అడగండి, ఎర్ర టిక్కులే ఉన్నాయా, టీచరు రాసిన మాట ఏమైనా ఉందా చూడండి. ఫీజు ఎంతని కాదు, పుస్తకాలు, వ్యాన్, యూనిఫాం, యాక్టివిటీ అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. ఆఖర్న ఆ ప్రశ్న ప్రిన్సిపాల్‌ను కాదు, క్లాసు టీచరును అడగండి. మా పాపను ఇప్పుడున్న బడిలో చేర్చేటప్పుడు అక్కడి లెక్కల టీచరు, ‘మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను ఖాళీనే, అర్థం కాని వాళ్లు వచ్చి కూర్చుంటారు, రోజూ ఐదారుగురు ఉంటారు’ అన్నారు. గోడలకు సున్నం ఊడిపోతోంది. అయినా చేర్చేశాను.

కాగితాల సంగతి కూడా తేల్చుకోండి. బడి మార్చినా, మాన్పించినా టీసీ, చదివిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్లు అప్పుడే తీసి పెట్టుకోవాలి. ఇంజినీరింగు, మెడిసిన్ లాంటి కోర్సుల్లో రాష్ట్రం భర్తీ చేసే కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. మనకు ఎస్వీ యూనివర్సిటీ పరిధి స్థానికం. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ పరిధిలో చదివి ఉండాలి. ఆ నాలుగేళ్లూ ఏ బడిలోనూ చదవకపోతే ఇక్కడే నివాసమున్నట్టు చూపించాలి, అందుకే ఇంట్లో చదివించేవాళ్లు నివాస పత్రాలు భద్రంగా ఉంచుకోవాలి. చిత్తూరు వాళ్లకు తమిళనాడులోని వేలూరు గంట దూరమే కాబట్టి మంచి బడి అని తొమ్మిదిలోనో పదిలోనో అక్కడ చేర్చేస్తుంటారు. అడ్వాన్సు కట్టే ముందు పిల్ల ఇంటర్ ఏ ఏడాది పూర్తవుతుందో చూసుకుని, అక్కడి నుంచి నాలుగేళ్లు వెనక్కి లెక్కపెట్టుకోండి.